ఇస్లామిక్ బ్యాంకా, హలాల్ ఇన్వెస్టింగ్ యాపా? ఆరేళ్లు రెండూ వాడాక నా మాట

వడ్డీ ముట్టకూడదని మొదటి జీతం నుంచీ దాచిందంతా ఇస్లామిక్ బ్యాంకులో ముదారబా అకౌంట్‌లోనే వేశా, ఆరేళ్ల కిందట హలాల్ ఇన్వెస్టింగ్ యాప్ కూడా మొదలుపెట్టా, ఇప్పుడు చూస్తే నా పొదుపులో ముప్పావు వంతు యాప్‌లోనే ఉంది.

ముదారబా అంటే డబ్బు మనది, వ్యాపారం బ్యాంకుది, లాభం ముందే ఒప్పుకున్న వాటాల్లో పంచుకుంటాం, నష్టమొస్తే డబ్బు పెట్టినవాళ్లదే. మరి ప్రతి క్వార్టర్ దాదాపు ఒకే రేటు పడుతోందేంటని అనుమానమొచ్చి వెళ్లి అడిగా, "వ్యాపారం కదండీ, లాభం ఎప్పుడూ ఇంత సమానంగా ఎలా వస్తుంది?" అని. బాగా వచ్చినప్పుడు కొంత రిజర్వ్‌లో పెట్టి, తగ్గినప్పుడు అందులోంచి కలుపుతారట, ప్రాఫిట్ ఈక్వలైజేషన్ రిజర్వ్ అంటారు. అది తప్పని నేననట్లేదు. కానీ నా డబ్బు ఏ వ్యాపారంలో తిరుగుతోందో చెప్పమంటే షరియా బోర్డు (బ్యాంకు లావాదేవీలు ఇస్లాం నియమాల ప్రకారమే ఉన్నాయో లేదో చూసే పండితుల బృందం) సర్టిఫికెట్ ప్రింట్ తీసి చేతిలో పెట్టారు, అక్కడే నాకు మనసు విరిగింది.

యాప్‌లో ఏ కంపెనీలో ఎంతుందో అంతా కనిపిస్తుంది. మద్యం, జూదం, వడ్డీ వ్యాపారం చేసేవి ముందే తీసేస్తారు, డివిడెండ్‌లో హరామ్ వాటా ఎంతో లెక్కగట్టి దానం చేసేయమని చూపిస్తుంది. ఈ ప్యూరిఫికేషన్ లెక్క ఒక్కో కంపెనీకీ మనమే వేసుకోవాలంటే ఎంత కష్టమో వేసినవాళ్లకే తెలుసు.

అయితే ఒకరోజు పొద్దున్నే చూస్తే నిన్నటిదాకా పచ్చగా, అంటే హలాల్ అని ఉన్న షేర్ ఎర్రగా, అంటే హలాల్ కాదని మారింది. కంపెనీ కొత్త అప్పేమీ చెయ్యలేదు. నా యాప్ పాటించే ఏఏఓఐఎఫ్ఐ (ఇస్లామిక్ ఫైనాన్స్‌కి ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణంలో వడ్డీ అప్పు కంపెనీ మొత్తం షేర్ల మార్కెట్ విలువలో 30 శాతం దాటకూడదు, షేర్ ధర పడిపోయేసరికి ఆ పాత అప్పే గీత దాటేసింది. ఇంకో యాప్‌లో అదే షేర్ పచ్చగానే ఉంది, వాళ్లది డౌ జోన్స్ ఇస్లామిక్ షేర్ సూచీ పద్ధతి, 24 నెలల సగటు మార్కెట్ విలువ తీసుకుని 33 శాతం గీత పెడతారు. నా యాప్ మాత్రం ధర అడుగున ఉన్నప్పుడే అమ్మేసింది, నష్టం నాకు మిగిలింది, సపోర్ట్‌లో నాలుగు రోజులు చాట్‌బాట్ చెప్పిందే చెప్పింది. బ్యాంకులో కనీసం ఎదురుగా మనిషి ఉన్నాడు, సగమైనా జవాబిచ్చాడు.

అయినా నేను యాప్ వైపే. ఏడాదిలోపు అవసరం పడే డబ్బు మాత్రం బ్యాంకులోనే ఉంచుతా. మీరు యాప్ తీసుకుంటే ఏ ప్రమాణం పాటిస్తారో, షేర్ ఎర్రబడ్డాక అమ్మడానికి ఎన్నాళ్లు ఆగుతారో ముందే రాతపూర్వకంగా అడగండి, నాకు ఆ గడువు సంగతి అమ్మేశాకే తెలిసింది.