ఉప్పు పిండా, బంకమట్టా?

ఇంట్లో పిల్లలతో బొమ్మలు చేయించాలంటే ఏది మేలు? నాలుగైదేళ్ల పిల్లలకైతే పిండే నయం. రెండు కప్పుల మైదాకు కప్పు మెత్తటి ఉప్పు, సుమారు ముప్పావు కప్పు నీళ్లు. నీళ్లు ఒక్కసారే గుమ్మరించకండి. చేతికి అంటకుండా సాగేదాకా పది నిమిషాలు పిసకాలి. రాళ్లుప్పు వేస్తే బొమ్మ గరుకుగా వస్తుంది. అర సెంటీమీటరు మందాన ఒత్తిన బిళ్లలు, ఆకులు ఫ్యాను గాలికి రెండు మూడు రోజుల్లో ఆరతాయి, మధ్యలో తిప్పుతుండాలి. అదే పిండితో బొజ్జ వినాయకుణ్ణి చేశారో, పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోయి పగులుతుంది. వానాకాలంలో ఉప్పు చెమ్మ పీల్చి మెత్తబడుతుంది కాబట్టి వార్నిష్ వేయాల్సిందే. ఇంట్లో కుక్క ఉంటే అందనివ్వకండి, అంత ఉప్పు దానికి ప్రమాదం.

బొద్దు బొమ్మలకు బంకమట్టే. మురికి బాధ ఉందనుకోండి. చేతులు బకెట్లో కడిగించండి, సింకులో అయితే గొట్టం పూడుకుంటుంది. తొండం ఊడిపోతోందంటే అతుకు సరిగ్గా లేదన్నమాట. రెండు వైపులా పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, పెరుగులా చిక్కగా కలిపిన మట్టి పూసి నొక్కాలి. ఎండలో పెడితే పైపొర ముందే ముడుచుకుని చీలుతుంది. మొదటిరోజు తడిగుడ్డ కప్పి నీడలోనే ఉంచండి. విరిగినా ఫరవాలేదు, కాల్చని మట్టి కనుక నానబెట్టి మళ్లీ చేసుకోవచ్చు.