మెకానికల్ వాల్వా, టిష్యూ వాల్వా?

గుండె వాల్వ్ మార్చాల్సి వస్తే ముందుండేవి రెండు దారులు: కార్బన్, లోహాలతో చేసిన మెకానికల్ వాల్వ్, ఆవు లేదా పంది కణజాలంతో చేసిన టిష్యూ వాల్వ్.

మెకానికల్ వాల్వ్ చాలామందికి జీవితాంతం పనిచేస్తుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ రూపొందించిన ఈ రకం 'చిత్ర' వాల్వ్‌ను 1990లోనే తొలిసారి అమర్చారు. అసలు కష్టం మాత్రలతో. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ లాంటి మందు రోజూ వేసుకోవాలి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మానకూడదు. మోతాదు తగ్గితే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, ఎక్కువైతే రక్తస్రావం. ఆకుకూరలు మానక్కర్లేదు, కానీ వారమంతా ముట్టకుండా ఒక్కసారిగా తోటకూర, పాలకూర తినేస్తే వాటిలోని విటమిన్ కె మందు పనిని తగ్గించి లెక్క తప్పుతుంది. గర్భిణి వార్ఫరిన్ వాడితే కడుపులో బిడ్డకూ ముప్పే.

టిష్యూ వాల్వ్‌కైతే ఆ మందు సాధారణంగా కొన్ని నెలలే. కానీ 10-15 ఏళ్లలో పాడవచ్చు, చిన్న వయసువారిలో ఇంకా త్వరగా. అప్పుడు మళ్లీ ఆపరేషన్ టెన్షన్.

కాలిఫోర్నియాలో 1996-2013 మధ్య అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోది) మార్పిడిలో టిష్యూ వాటా 11.5 నుంచి 51.6 శాతానికి పెరిగింది. అయినా అక్కడ 45-54 ఏళ్ల వారిలో మెకానికల్ వాల్వ్ పెట్టించుకున్నవాళ్లలోనే మరణాలు తక్కువ. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్‌లో ఈ తేడా 70 ఏళ్ల దాకా కనిపించింది.

మన దగ్గర రుమాటిక్ జబ్బుతో (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే జ్వరం వల్ల వాల్వ్‌లు దెబ్బతినడం) చిన్న వయసులోనే ఆపరేషన్‌కు వచ్చేవాళ్లెందరో. వాళ్ల ఊరికి ఐఎన్ఆర్ ల్యాబ్ ఎంత దూరమో అడగకుండా వాల్వ్ ఎంచకూడదని నా గట్టి అభిప్రాయం.