రేసు కారు తయారుచేసుకోవాలా, తయారైనదే కొనాలా? నా పాత ఎంఎక్స్-5 రివ్యూ

మొదటి రేసు కారైతే కొనండి. ఇప్పటికే ఎవరో రేసుల్లో నడిపి, దాని రోగాలన్నీ బయటపడి, వాటికి మందు వేసిన కారు దొరికితే ఇంకా మంచిది.

నేను కొన్నది మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5, 1.6 లీటర్ ఇంజిన్, రోల్ కేజ్ (కారు బోల్తా పడినా డ్రైవర్ నలిగిపోకుండా లోపల వేసే ఉక్కు పైపుల చట్రం) వేసేసి ఉన్నది. 1989లో వచ్చిన మోడల్. పవర్ వెనక చక్రాలకు, సస్పెన్షన్ నాలుగు వైపులా డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి కిందొకటి రెండు చేతులు పట్టుకుంటాయి. సుమారు 115 హార్స్‌పవర్ అంటే చాలామంది పెదవి విరుస్తారు గానీ నేర్చుకునేవాళ్లకి అదే వరం, ఎందుకంటే మలుపులో పోగొట్టుకున్న స్పీడుని స్ట్రెయిట్‌లో ఇంజిన్ తెచ్చిపెట్టదు, బ్రేక్ ఎక్కడ వదలాలో ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్చుకోక తప్పదు.

సొంతంగా తయారుచేసుకుందాం అనుకునేవాళ్లు కారు ధర, కేజ్ ధర లెక్కేసుకుంటారు. సీటు, బెల్టులు, మంటలార్పే సిస్టమ్, కిల్ స్విచ్ (ప్రమాదంలో కరెంటంతా ఒక్కసారి ఆపేసేది), డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), రెండో సెట్టు వీల్స్ వచ్చేసరికి ఆ లెక్క ఎక్కడికో పోతుంది, వీకెండ్లన్నీ ట్రాక్ మీద కాకుండా గ్యారేజీలోనే అయిపోతాయి. వీటి మీద పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు పూర్తిగా రాదు, కొనేవాళ్లకి లాభం అక్కడే.

కొనేముందు కేజ్‌ని మాత్రం చూడకుండా వదలకండి. ఎంఎక్స్-5లా రూఫ్ తీసేసే వీలున్నది కాకుండా, ఊడిరాని రూఫ్ ఉన్న కారైతే, విండ్‌షీల్డ్ పై మూలల్లో, పైపుకీ రూఫ్‌కీ మధ్య సందులోకి చిన్న అద్దం పెట్టి, టార్చ్ వేసి చూడండి. అక్కడికి వెల్డింగ్ టార్చ్ వెళ్లదు కాబట్టి కొందరు కనిపించే వైపు మాత్రమే వెల్డ్ చేసి వదిలేస్తారు. పనితెలిసినవాళ్లు ఫ్లోర్‌లో రంధ్రాలు చేసి కేజ్‌ని కిందికి దించి, పైపు చుట్టూ వెల్డ్ చేశాక పైకి లేపి, అప్పుడు కింద ప్లేట్లు వేస్తారు. చుట్టూ వెల్డ్ లేని కేజ్ ఉన్న కారు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. బెల్టుల మీద గడువు లేబుల్ కూడా చూడండి, అది దాటిపోతే రేసుకి ముందు కారుని పరీక్షించే స్క్రూటినీలో ఆపేస్తారు.

ఎంఎక్స్-5కే ఉన్న గొడవ ఒకటి: 1991 మధ్య వరకు వచ్చిన ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస పొట్టిది, అక్కడ పుల్లీ జారకుండా పట్టి ఉంచే "కీ" అనే చిన్న లోహపు ముక్క అరిగిపోయి ఇంజిన్ టైమింగ్ తప్పే ప్రమాదం ఉంది. ముందు పుల్లీలో నాలుగు గాళ్లుంటే ఆ పాత రకం, ఎనిమిదుంటే నిశ్చింత.

నాకు నచ్చనిది వైరింగ్. డాష్ వెనక ఎక్కడ చూసినా టేపు చుట్టిన అతుకులే, ఏ వైరు ఎటు పోతుందో అమ్మినాయనకీ తెలీదు, మొత్తం పీకి కొత్తది వేయించాను. సొంతంగా తయారుచేసినవాళ్లకి ఈ బాధ ఉండదు, ప్రతి బోల్టూ వాళ్ల చేతిమీద బిగిసిందే కదా. వెల్డింగ్ వచ్చి, జాగా ఉండి, రేసు కన్నా ఆ పనే ఎక్కువ ఇష్టమైతే తయారుచేసుకోండి, కానీ ఏ రేసు క్లాసులో (విభాగంలో) దిగాలో తేల్చుకుని ఆ రూల్ బుక్ పూర్తిగా చదివాకే మొదటి పైపు కోయండి.