కోసి చేతిలోకి కుదించిన వీ: రెండేళ్ల వాడకం తర్వాత

టీవీకి తగిలించి వీడియో గేములు ఆడే నింటెండో వీ (Wii) కన్సోల్ బోర్డును కోసి, బ్యాటరీతో నడిచే చేతి యంత్రంగా మార్చుకుని ఈ ఉగాదికి రెండేళ్లు నిండాయి. ఎలక్ట్రానిక్స్ నా చదువూ కాదు, వృత్తీ కాదు. అంతకుముందు సోల్డరింగ్ ఐరన్ పట్టింది తెగిన ఇయర్‌ఫోన్ తీగలు అతికించడానికే. అటువంటివాడు మొట్టమొదటగా చేసిన యంత్రం రోజువారీ వాడకానికి ఎంతవరకు నిలబడింది, అందులో ఏ పనిని మళ్లీ చేయాల్సి వచ్చింది అన్నది ఇదే పనికి పూనుకునేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

న్యూజెర్సీలో ఉండే మా బావగారు ఇల్లు మారేటప్పుడు తన పాత వీని నాకు తెచ్చి ఇచ్చారు. ఆ అమెరికా అడాప్టర్ 120 వోల్టులకే తయారైనది కనుక హైదరాబాదులోని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టడానికి లేదు. అందుకే కన్సోల్ కొన్నాళ్లు అటక మీదే ఉంది. అయితే కోయడానికి వీనే ఎంచుకోవడానికి అది ఇంట్లో ఉండటం ఒక్కటే కారణం కాదు. 2006లో వచ్చిన ఈ కన్సోల్‌లోని 729 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ అంతకుముందు తరానికి చెందిన గేమ్‌క్యూబ్ కన్సోల్ ప్రాసెసర్‌కు వారసురాలు కనుక, నింటెండోంట్ అనే ప్రోగ్రామ్ సాయంతో ఒకే బోర్డు మీద రెండు తరాల గేములూ ఆడుకోవచ్చు. పైగా 215 మిల్లీమీటర్ల పొడవు, 157 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆ పెట్టెలో ఎక్కువ చోటు డిస్క్ డ్రైవుదే. దాన్ని తీసేసి, గేములను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, బోర్డులో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, మెమరీ, వాటి చుట్టుపక్కల భాగం మాత్రమే ఉంచుకుంటే మిగిలేది పాత ఆడియో క్యాసెట్ డబ్బా అంత ముక్క.

కోతకు ముందు చేయాల్సిన పనులే అసలు పనులని నాకు ఆలస్యంగా అర్థమైంది. మొదటిది సాఫ్ట్‌వేర్. డిస్క్ డ్రైవు, వైర్‌లెస్ భాగాలు లేకపోయినా కన్సోల్ నేరుగా గేముల జాబితాకే వెళ్లేలా బోర్డు ఒక్క ముక్కగా ఉన్నప్పుడే సర్దుకోవాలి. 512 మెగాబైట్ల అంతర్గత మెమరీకి బూట్‌మీ అనే ప్రోగ్రామ్‌తో నకలు తీసి భద్రపరచుకోవాలి. ఆ మెమరీలో ఉన్నదంతా ఆ ఒక్క కన్సోల్ చిప్‌లో ఉన్న తాళంచెవులతోనే తెరుచుకుంటుంది కాబట్టి, అది చెడిపోతే వేరే వీ నుంచి తీసిన నకలును ఉన్నదున్నట్టుగా ఎక్కించడం కుదరదు. రెండోది మల్టీమీటరు పట్టుకుని కూర్చోవడం. ఈ బోర్డుకు ముఖ్యంగా 1, 1.15, 1.8, 3.3 వోల్టుల నాలుగు సరఫరాలు కావాలి. ఒక్కో సరఫరాకూ గ్రౌండ్‌కూ (సున్నా వోల్టుల వైపుకూ) మధ్య నిరోధం ఎంత ఉందో కోయకముందే కొలిచి కాగితం మీద రాసిపెట్టుకోవాలి. చిప్‌లకు నేరుగా వెళ్లే తక్కువ వోల్టుల సరఫరాల్లో ఆ నిరోధం సహజంగానే చాలా తక్కువగా ఉంటుంది. నేను ముందే రాసిపెట్టుకోకపోవడం వల్ల, కోసిన తర్వాత మీటరు చూపిన అంకెను చూసి షార్ట్ అయిందని భయపడి, బాగానే ఉన్న అంచును రెండు సాయంత్రాలు అరగదీశాను.

అంచును అరగదీయడం మాత్రం తప్పనిసరి పనే. బోర్డు లోపల పొరలు పొరలుగా రాగిరేకులు ఉంటాయి. కోతచక్రం తిరిగిన వేడికి, ఒరిపిడికి ఆ రాగి సాగి ఒక పొర నుంచి ఇంకో పొర మీదికి పాకుతుంది. ముందు గరుకు ఉప్పుకాగితం, ఆ తర్వాత సన్నది, నీటితో తడిపి ఒకే దిక్కుగా రుద్దుతూ పోతే, దీపం కింద పట్టుకుని చూసినప్పుడు రాగిగీతలు ఒకదానికొకటి తగలకుండా వెంట్రుకల్లా విడివిడిగా కనిపిస్తాయి. అంతవరకు కరెంటు ఇవ్వకూడదు. ఆ ధూళిలో గాజునార ఉంటుంది కాబట్టి మాస్కు లేకుండా ఈ పని ఎవరూ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

నేను చేసింది ఒమేగా ట్రిమ్ అనే కోత. అందులో యూ10 అనే బియ్యపు గింజంత ఐసీని (చిప్‌ను) దాని చోటు నుంచి తీసి, మిగిలే భాగం మీద ఎనామెల్ తీగలతో మళ్లీ కలపాలి. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన ఇచ్చిన, సోల్డర్ బాగా అంటుకునేలా పూసే మంచి ఫ్లక్స్ లేకపోతే అది నా వల్ల అయ్యేది కాదు.

యంత్రం మొదటిసారి వెలిగిన రోజు సంతోషం ఇంతా అంతా కాదు, కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. మెనూ బాగానే తిరిగేది. కార్ల పందెం మొదలయ్యేసరికి బొమ్మ బిగుసుకుపోయేది. వేడి వల్లేమోనని ఫ్యాను మార్చాను, చిప్ వేడిని బయటికి లాగే పేస్టు మార్చాను. చివరికి గేము నడుస్తుండగా మీటరు కొనలు ఆనించి చూస్తే, బ్యాటరీ వోల్టేజీని తగ్గించి బోర్డుకు ఇచ్చే రెగ్యులేటర్ కాళ్ల దగ్గర 1.00 చూపిన అంకె, బోర్డు మీద చిప్ పక్కనున్న కెపాసిటర్ దగ్గర 0.93 చూపింది. పది సెంటీమీటర్ల సన్నని తీగలో 0.07 వోల్టు పోతోంది. ఫోను చార్జర్ తీగలో అయితే అది లెక్కలోకి రాదు. ఒక్క వోల్టు మీద నడిచే చిప్‌కు మాత్రం అది నూటికి ఏడు వంతులు. రెగ్యులేటర్‌ను దగ్గరకు జరిపి, లావుపాటి తీగను మూడు సెంటీమీటర్లకు కత్తిరించి, గ్రౌండ్‌కూ అంతే లావు తీగ వేశాక, ఈ రెండేళ్లలో ఆ బిగుసుకుపోవడం మళ్లీ కనిపించలేదు. ఈ ప్రాజెక్టులో కొత్తవారు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు కోత కాదు, కరెంటు సరఫరా అని నేను అనడానికి కారణం ఇదే.

బ్యాటరీగా 18650 అనే సైజు లిథియం సెల్లను రెండింటిని వరుసగా కలిపి, రక్షణ బోర్డుతో వాడుతున్నాను. మొదట కొన్న సెల్ల మీద 9900 ఎంఏహెచ్ సామర్థ్యం అని ముద్రించి ఉంది. ఆ సైజు సెల్‌లో 3500 పైన నిజంగా పట్టేది అరుదు. వంటింటి త్రాసులో తూచితే ముప్పై గ్రాములైనా లేవు, అసలైన సెల్ నలభై అయిదు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. వాటిని వాడకుండా పక్కన పెట్టి, తూకం సరిపోయిన 3000 ఎంఏహెచ్ సెల్లు కొన్నాను. కొత్తలో పూర్తి చార్జింగ్‌కు రెండు గంటలు ఆడేవాళ్లం, ఇప్పుడు గంటా నలభై నిమిషాలు వస్తోంది.

తెరకు మొదట, బొమ్మంతా ఒకే తీగలో పంపే కాంపోజిట్ తీగ ఒక్కటే ఇచ్చాను. పని తేలికే గానీ, ఐదంగుళాల తెర మీద చిన్న అక్షరాలు అలికినట్టు ఉండేవి. ఆర్నెల్ల తర్వాత 480 గీతలూ ఒకేసారి గీసే ప్రోగ్రెసివ్ బొమ్మ వచ్చేలా మార్చాను. ఆ పని మొదటే చేసి ఉండాల్సింది.

పెట్టె విషయంలో నేను చేసిన తప్పు వేరు. త్రీడీ ప్రింటింగ్‌లో సులువని పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ ఎంచుకున్నాను. అది దాదాపు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం యంత్రాన్ని బండి డిక్కీలో మరిచిపోతే, గాలి వెళ్లే చీలికల దగ్గర వెనక మూత అప్పడంలా వంగిపోయింది. సెల్లు ఉబ్బకపోవడం అదృష్టమే. ఇప్పుడున్న పెట్టె 80 డిగ్రీల దాకా ఓర్చే పీఈటీజీతో చేయించినది, అయినా ఎండలో ఉంచడం లేదు. ఫ్యాను దగ్గర పేరుకునే దుమ్మును రెండు నెలలకోసారి బ్రష్షుతో తీస్తున్నాను. గంట ఆట తర్వాత వెనక మూత వెచ్చగా ఉంటుంది, పట్టుకోలేనంత వేడి కాదు.

బటన్లకు గేమ్‌క్యూబ్ కంట్రోలర్ బోర్డునే కోసి వాడాను. పద్నాలుగో నెలలో ఎడమ స్టిక్ దానంతట అదే పక్కకు జరగడం మొదలుపెడితే మార్చాను. మిగతావి ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. పాడు చేసుకున్న వస్తువులతో కలిపి మొత్తం పద్నాలుగు వేల రూపాయల దాకా అయింది. ఇందులో వీ రిమోట్‌ను తెరకు గురిపెట్టి ఆడే గేములకు చోటు లేదు. ఆ గేముల కోసమే వీని ఇష్టపడేవారు తమ కన్సోల్‌ను కోయకుండా టీవీ పక్కనే ఉంచుకోవాలి. బటన్లతో ఆడే గేములు చాలనుకునేవారు, తమ సొంత కన్సోల్ జోలికి పోకుండా, చెడిపోయిన బోర్డు ఒకటి సంపాదించి ముందు దాని మీద కోత అలవాటు చేసుకోవడం మంచిది.