విశాఖ బీచ్ రోడ్డులో నాన్న చెప్పిన డాక్టర్ రంగరాజ్

విశాఖ అంటే మా వాళ్ళందరికీ అరకు, కైలాసగిరి, రుషికొండ. ఈసారి మేం అవన్నీ పక్కన పెట్టి బీచ్ రోడ్డు మీదున్న యుద్ధ స్మారకాలు, మ్యూజియంలు మాత్రమే చూశాం. నాన్న కోసం. ఆయన ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యారు. విజయనగరం దగ్గర పల్లెలో ఉంటూ కూడా సబ్‌మెరీన్ చూడటం ఆయనకు ఇన్నాళ్ళూ కుదరలేదు.

పెద్దవాళ్ళతో వెళ్తే ముందు చూసుకోవాల్సింది బస. ఆర్టీసీ బస్ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీల్లో అద్దె తక్కువ, టిఫిన్‌కి దూరం వెళ్ళక్కర్లేదు. కానీ తెల్లవార్లూ బస్సుల హారన్లే. పైగా మేం దిగిన చోట లిఫ్ట్ పనిచేయడం లేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి మూడో అంతస్తులో గది ఇచ్చి, కింద గది అడిగితే లేదని చెప్పి పంపేశారు. మర్నాడే పాండురంగాపురం వైపు ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. అద్దె కొంచెం ఎక్కువే. కానీ కింది గది, వేణ్ణీళ్ళు, బీచ్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర. ఆటో ఖర్చు తగ్గింది కాబట్టి మొత్తం మీద ఎక్కువేం కాలేదు.

కురుసుర సబ్‌మెరీన్‌కి సోమవారం సెలవు. మిగతా రోజుల్లో కూడా వేళలు కనుక్కుని వెళ్ళండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న జలాంతర్గామి ఇది. పొడవు 91 మీటర్లు. లోపల టార్పెడో గది నుంచి వంటగది దాకా అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచారు. గైడ్లు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్ళే, అందుకే వాళ్ళ మాటల్లో బట్టీ పట్టిన వాసన ఉండదు. ఒకటే ఇబ్బంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ఇనుప ద్వారంలో ఒంగి, కాలెత్తి దూరాలి. నాన్న ప్రతి ద్వారం దగ్గరా ఆగాల్సి వచ్చింది. వెనకాల జనం తోసుకొస్తుంటే నాకు టెన్షన్. గైడ్ వాళ్ళని ఆపి, "సార్‌ని నెమ్మదిగా రానివ్వండి" అన్నాడు. ఆ మర్యాద మాకు చాలా నచ్చింది. ఆదివారం సాయంత్రం మాత్రం పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి.

రోడ్డుకి అటువైపు, నౌకాదళం సముద్రం మీద గస్తీకి వాడిన టీయూ-142 విమానం మ్యూజియం. పెద్దవాళ్ళకి ఇదే సుఖం. ఆడియో గైడ్ ఇస్తారు, మన వేగంతో మనం చూడొచ్చు. 29 ఏళ్ళ సేవలో ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరిన విమానం. నాన్న దాని రెక్క కింద నిలబడి, చెవిలో ఉన్నది తీసేసి, "అమ్మా, విమానంలోంచి దూకి వైద్యం చేసిన డాక్టర్ సంగతి నీకెప్పుడైనా చెప్పానా?" అన్నారు. చెప్పలేదు. లక్నోలో ట్రైనింగ్ అప్పుడు వాళ్ళ ఉస్తాద్ (శిక్షణ ఇచ్చే ఆయన) చెప్పిన కథట.

ఆ డాక్టర్ లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. 1941లో మన పారాచూట్ దళం మొదలైనప్పుడు దూకిన మొదటి ఇద్దరు భారతీయుల్లో ఒకరు. రెండో ఆయన హవల్దార్ మేజర్ మథురా సింగ్. 1950లో ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య యుద్ధం వచ్చింది. మన దేశం అక్కడికి పోరాడే సైన్యాన్ని పంపలేదు. 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే వైద్య దళాన్ని రంగరాజ్ నాయకత్వంలో పంపింది. నవంబర్‌లో వాళ్ళు దిగారు. డిసెంబర్ వచ్చేసరికి ఉత్తర కొరియా తరఫున చైనా సేనలు మీదికి వచ్చేస్తున్నాయి, వీళ్ళున్న ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయాలి. సామాను మోయడానికి లారీలు లేవు. వదిలేసి పోవచ్చు, కానీ ఆపరేషన్ బల్లలూ మందులూ పోతే ఆ దళం ఉండీ లేనట్టే. స్టేషన్‌లో ఒక పాత ఆవిరి ఇంజన్ దొరికింది. బకెట్లు చేతులు మార్చుకుంటూ దానికి నీళ్ళు పోశారు, మంట పెట్టారు, తమ మనుషులతోనే నడిపించుకుని సామానంతా దక్షిణానికి తెచ్చుకున్నారు. ఈ ఘట్టం చెప్తుంటే నాన్న గొంతు పెరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా చెవులు ఇటు వేశారు.

ఆ తర్వాత 1951 మార్చి 23. మున్సాన్ దగ్గర అమెరికన్ 187వ ఎయిర్‌బోర్న్ దళం పారాచూట్లతో దూకింది. వాళ్ళతోపాటు రంగరాజ్, ఆయన బృందంలో ఓ డజను మంది కూడా దూకారు. నేల తాకగానే వాళ్ళ పని మొదలు. రక్తం ఆపాలి, విరిగిన ఎముకకి కట్టు వేయాలి, ఎవరిని ముందు వెనక్కి పంపాలో తేల్చాలి. నాన్న ఇక్కడ తన అనుభవం కలిపారు. "అరిచేవాడికి ఇంకా శక్తి ఉందని అర్థం. ముందు అరవని వాణ్ణి చూడాలి." తొడ మీద కట్టు ఎంత గట్టిగా వేయాలో, వేసిన టైమ్ ఎందుకు రాసిపెట్టాలో కూడా చెప్పారు. ఆడియో గైడ్‌లో వినడం కంటే ఇదే నాకు బాగా ఎక్కింది.

ఆ దళం 1954 దాకా కొరియాలో ఉండి, సైనికులకూ అక్కడి మామూలు జనానికీ కలిపి దాదాపు రెండు లక్షల మందికి వైద్యం చేసింది. రంగరాజ్‌కి మహావీర చక్ర వచ్చింది. యుద్ధ కాలపు శౌర్యానికి పరమవీర చక్ర తర్వాత అదే పెద్దది. సైన్యం తర్వాత ఆయన ప్రపంచ ఆరోగ్య సంస్థ తరపున అఫ్ఘానిస్తాన్‌లో మశూచిని తరిమే పనిలో ఉన్నారు. 2020లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఆయన్ని కొరియా యుద్ధ వీరుడిగా గుర్తుచేసుకుంది. తుపాకీ గుండు తీసిన చెయ్యి మశూచి టీకా కూడా వేయించిందంటే, నాకు మహావీర చక్ర కంటే ఆ రెండో పనే పెద్దదిగా తోచింది. నాన్న ఒప్పుకోలేదు. రెండూ ఒకే ఉద్యోగం అంటారాయన.

విశాఖ మ్యూజియం పాత డచ్ బంగళాలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు వేసిన, పేలని బాంబు అక్కడ ఉంది. 1942 ఏప్రిల్ 6న ఈ ఊరి మీద బాంబులు పడ్డాయని తెలిసిన పిల్లలు ఎంతమంది ఉంటారు? అది చూపించడానికైనా తీసుకెళ్ళండి. మిగతా గదులు త్వరగానే అయిపోతాయి. 1971 యుద్ధం తాలూకు 'విక్టరీ ఎట్ సీ' స్మారకం బయటే ఉంది, టికెట్ లేదు, సాయంత్రం చల్లబడ్డాక బాగుంటుంది. పక్కనే మురీ మిక్చర్ బండ్లు. కారం తగ్గించమని ముందే చెప్పాలి.

ఇంత చూశాక నాకొక లోటు కనిపించింది. సబ్‌మెరీన్ ఎంత లోతుకి దిగేది, విమానం ఎంత దూరం ఎగిరేది బోర్డుల మీద చక్కగా ఉంది. దెబ్బ తగిలిన మనిషిని ఎవరు మోశారు, ఎక్కడ కట్టు కట్టారు అన్నది మేం చూసిన బోర్డుల్లో ఎక్కడా లేదు. ఈ ఊళ్ళో 1923 నుంచి ఆంధ్రా మెడికల్ కాలేజీ, దానికి తోడుగా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉన్నాయి, నౌకాదళానికి కళ్యాణి ఆసుపత్రి ఉంది. డాక్టర్లకి కొరత లేని ఊరు. బీచ్ రోడ్డు మీద యుద్ధ వైద్యుల కోసం ఒక గది, అందులో ఒక స్ట్రెచర్, ఒక ఫీల్డ్ సర్జరీ పెట్టె, రంగరాజ్ ఫొటో పెడితే జనం తప్పక ఆగి చూస్తారు. సబ్‌మెరీన్ దగ్గర సందర్శకుల అభిప్రాయాల పుస్తకంలో నాన్న ఇదే మాట రాసి, కింద తన ర్యాంకూ, యూనిట్ పేరూ రాశారు.