వై.వి.రెడ్డి హయాంలో బలపడ్డ బ్యాంకింగ్ ఓంబుడ్స్‌మన్: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

వై.వి.రెడ్డి పేరు వస్తే అందరూ 2008 సంక్షోభం దగ్గరే ఆగుతారు. రియల్ ఎస్టేట్ అప్పులపై రిస్క్ వెయిట్‌ను (ఇచ్చిన అప్పుకి బ్యాంకు ఎంత సొంత మూలధనం పక్కన పెట్టాలో తేల్చే లెక్క) 2005లో 125 శాతానికి, మరుసటి ఏడాది 150 శాతానికి పెంచి బ్యాంకుల్ని ముందే జాగ్రత్త పెట్టారని చెబుతారు. అదీ నిజమే. కానీ కడప జిల్లాలో పుట్టి, 1964లో ఐఏఎస్‌లో చేరి, 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న ఈ ఆర్థికవేత్త కాలంలో మామూలు ఖాతాదారు చేతికి నేరుగా అందిన పనిముట్టు మాత్రం 2006 ఓంబుడ్స్‌మన్ పథకం. ఓంబుడ్స్‌మన్ అంటే బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి.

వ్యవస్థ 1995 నుంచే ఉంది. అయితే ఆ ఆఫీసుల సిబ్బందినీ ఖర్చునీ బ్యాంకులే భరించేవి. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల డబ్బుతోనే పంచాయితీ అన్నమాట! 2006 జనవరి 1 నుంచి రెండూ రిజర్వు బ్యాంకే తీసుకుంది. క్రెడిట్ కార్డు గొడవలు, చెప్పకుండా వేసే చార్జీలు, సేల్స్ ఏజెంట్లు ఇచ్చి తప్పిన మాటలు కూడా పరిధిలోకి వచ్చాయి. 2021 నవంబరులో బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు), డిజిటల్ లావాదేవీల పథకాలు మూడింటినీ ఒకటి చేశారు. కింద చెప్పేదంతా ఆ 2021 పథకం ప్రకారమే.

రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. అసలు వకీలు ద్వారా పంపితే తీసుకోరు కూడా (బాధితుడే వకీలైతే తప్ప). వివాదంలో ఉన్న మొత్తానికి పరిమితి లేదు. నష్టపరిహారం 20 లక్షల దాకా, తిప్పించుకున్నందుకూ మనోవేదనకూ విడిగా లక్ష దాకా ఇప్పించవచ్చు. ఇంతవరకు పథకానికి మంచి మార్కులే.

చిక్కంతా గుమ్మం దగ్గర. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. మేనేజర్ ముందు కూర్చుని గంటసేపు మాట్లాడినా అది లెక్కలోకి రాదు. బ్రాంచిలో ఇస్తే రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఈమెయిల్ లేదా యాప్ అయితే రిఫరెన్స్ నంబరు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. జవాబు వచ్చిన రోజు నుంచి ఏడాది గడువు. రాకపోతే ఫిర్యాదు చేసిన రోజు నుంచి ఏడాది 30 రోజులు. 29వ రోజున తొందరపడి వేస్తే విచారణకు తగదని మూసేస్తారు. అలా మూసినదానిపై అప్పీలు కూడా లేదు. నా దృష్టిలో ఈ సేవలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే.

వేయడానికి మూడు దారులు: రిజర్వు బ్యాంకు సీఎంఎస్ పోర్టల్ (ఫిర్యాదుల వెబ్‌సైటు), ఈమెయిల్, చండీగఢ్ సెక్టార్ 17లోని కేంద్రానికి పోస్టు. ఈమెయిలూ ఉత్తరమూ ఏ భాషలోనైనా తీసుకుంటారు, కాబట్టి తెలుగులో శుభ్రంగా రాయవచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో దారి చెబుతారు గానీ ఫిర్యాదు రాసుకోరు.

ఏం రాయాలన్నది ఇంకా ముఖ్యం. "నాకు అన్యాయం జరిగింది" అని నాలుగు పేజీలు నింపే కన్నా, బ్యాంకు ఏ నిబంధన తప్పిందో ఒక్క వాక్యంలో చెప్పడం మేలు. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కోత పడితే 5 రోజుల్లోపు తిరిగి జమ కావాలి, దాటితే రోజుకి 100 రూపాయలు. ఇంటి అప్పు తీరాక 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకి 5,000. బయటివాళ్ల మోసంతో డబ్బు పోతే, అందులో మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెప్పినవారికి బాధ్యత సున్నా. ఓటీపీ మీరే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకి తెలియజేసే దాకా పోయిన డబ్బు మీదే. ఇలాంటి కేసులకి తేదీలూ లావాదేవీ నంబర్లూ పెడితే వాదనతో పని పెద్దగా ఉండదు.

పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. అప్పు ఇవ్వలేదని, వడ్డీ తగ్గించలేదని వెళ్తే అది బ్యాంకు వ్యాపార నిర్ణయం అంటారు. కోర్టులో నడుస్తున్నదాన్ని ముట్టుకోరు. చిట్టీ కంపెనీలు దీని కిందికి రావు, వాటికి చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికే వెళ్లాలి.

తీర్పు మీ వైపు వచ్చాక కూడా ఒక మెలిక ఉంది. ఒప్పుకుంటున్నట్టు 30 రోజుల్లో బ్యాంకుకి ఉత్తరం ఇవ్వకపోతే ఆ అవార్డు (తీర్పు) చెల్లకుండా పోతుంది. అందులో ఇచ్చిన మొత్తం చాలదనుకుంటే అదే 30 రోజుల్లో అప్పీలుకి వెళ్లాలి.