దేవమాలి దిగాక మూడో అంతస్తు గది

కోరాపుట్‌లో మేం దిగిన లాడ్జికి నేనిచ్చే మార్కులు మామూలు యాత్రికుడికి పనికిరాకపోవచ్చు. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే, పొద్దున్న ఆరింటికే వేడినీళ్ళు వచ్చాయి. కానీ గది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. బాత్రూములో ఉన్నది ఇండియన్ టాయిలెట్. ముందురోజు కొండ మీద నుంచి పరుగెత్తుకుంటూ దిగినవాడికి ఈ మూడూ ఒకేచోట తగిలితే ఏమవుతుందో నాకు తెలిసొచ్చింది.

మాది రాయగడ. బావ ఉద్యోగం సునాబెడలో. రెండేళ్ళుగా పరుగెత్తుతున్నాం, చెరో రెండు హాఫ్ మారథాన్లు చేశాం, కాబట్టి కాస్త పొగరు కూడా ఉంది. ఒడిశా మొత్తంలో ఎత్తయిన కొండ దేవమాలి, 1672 మీటర్లు. దాదాపు శిఖరం దాకా రోడ్డుంది. జీపులో పైకెళ్ళి పరుగున దిగుదామని బావ ప్లాను. "ఎక్కుడే లేదు కదరా, ఆయాసం కూడా రాదు" అన్నాడు. నిజమే, ఆయాసం రాలేదు.

ముందురోజు రాత్రి కొండ కింద టెంటులో ఉన్నాం. నవంబరు చలికి వాళ్ళిచ్చిన స్లీపింగ్ బ్యాగు ఏ మూలకూ చాలలేదు. పది దాటేదాకా జనరేటర్ మోత. డబ్బుకు తగిన సుఖం లేదు గానీ, తెల్లారి టెంటు జిప్పు తీస్తే లోయ నిండా మబ్బు పేరుకుని ఉంది. ఆ ఒక్కటి చూసి రాత్రి తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాం. పొద్దున్నే పెట్టిన చోడి (రాగి) అంబలి, పచ్చి ఉల్లిపాయ మాత్రం ఏ స్టార్ హోటల్లోనూ దొరకవు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు రాత్రికి సెమిలిగూడలోనో కోరాపుట్‌లోనో ఉండి, తెల్లవారుజామున కారులో కొండకు రావడం మేలు.

మా వాచీ లెక్క ప్రకారం దిగింది పది కిలోమీటర్ల పైచిలుకు, ఎత్తులో ఆరువందల మీటర్ల తేడా. నా జన్మలో అంత వేగంగా పరుగెత్తలేదు. కబుర్లు చెప్పుకుంటూ దిగాం. ఏడో కిలోమీటరు దగ్గర తొడలు వణకడం మొదలైంది. కింద ఆగి నిలబడితే మోకాళ్ళు వాటంతటవే మడతపడుతున్నాయి. నొప్పి మాత్రం లేదు. అదే మమ్మల్ని మోసం చేసింది. ఆ సాయంత్రం ఊళ్ళో కోరాపుట్ కాఫీ తాగి, హుషారుగా మూడంతస్తులూ ఎక్కేశాం.

మర్నాడు పొద్దున్న ఆ టాయిలెట్ మీద కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. గోడకున్న కుళాయి పట్టుకుని లేచాను. అది ఊడి రాకపోవడం ఆ లాడ్జి ప్లంబర్ పుణ్యం.

రెండో రోజు ఇంకా ఘోరం. శబర శ్రీక్షేత్రం అని పిలిచే జగన్నాథుడి గుడి గుట్ట మీద ఉంటుంది. మెట్లెక్కడం పర్వాలేదు. దర్శనమయ్యాక దిగడానికి అడుగు వేస్తే తొడల్లో ఎవరో పిడికిలితో పిండినట్టుంది. చివరికి వెనక్కి తిరిగి, పక్క గోడ పట్టుకుని, నిచ్చెన దిగినట్టు దిగాం. మా పక్కనుంచి చకచకా దిగిపోతున్న ఒక పెద్దావిడ ఆగి, "ఏం నాయనా, ఈ వయసుకే మోకాళ్ళా?" అంది, స్వచ్ఛమైన మన తెలుగులో. బావ తల దించుకున్నాడు.

ఒక మందుల షాపులో ఏమీ అడక్కుండానే నొప్పి బిళ్ళలు చేతిలో పెట్టారు. వేసుకునే ముందు ఫిజియోథెరపిస్టయిన మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశాను. అక్క మొదట అడిగింది నొప్పి గురించి కాదు, "మూత్రం డికాక్షన్ రంగులో వస్తోందా?" అని. కండ బాగా దెబ్బతింటే అందులోని పదార్థం రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాల్లోకి చేరుతుందట. అలా వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పొమ్మంది. నీళ్ళు సరిగా తాగని ఒంటికి ఆ తరహా నొప్పి బిళ్ళలు మూత్రపిండాలకు ఇంకా చేటు. మాకు రంగు మామూలుగానే ఉంది. బిళ్ళలు సంచిలోనే ఉండిపోయాయి.

లాక్టిక్ యాసిడ్ పేరుకుందేమో అన్నాను. "అది గంటా రెండు గంటల్లో పోతుందిరా, రెండోరోజు దాకా ఎందుకుంటుంది?" అని నవ్వింది. తర్వాత ఆవిడ చెప్పిన పోలిక ఇదీ. నిండు బిందె పైకెత్తేటప్పుడు చేతి కండ కుంచించుకుంటూ పనిచేస్తుంది. అదే బిందెను మెల్లగా కిందికి దించేటప్పుడు కండ సాగుతూనే బరువును ఆపాలి. దిగుడు పరుగులో ప్రతి అడుగుకీ తొడ ముందు కండ చేసేది ఈ రెండో పనే. శ్వాసకు, గుండెకు శ్రమ తక్కువ కాబట్టి మనకు తెలీదు. లోపల కండ పోగులు సన్నగా చిట్లుతుంటాయి. బలం అప్పటికప్పుడే తగ్గుతుంది, అందుకే ఆ వణుకు. నొప్పి మాత్రం వాపుతోపాటు నిదానంగా వచ్చి, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. ఇది నిన్న మొన్న కనిపెట్టిన విషయం కాదు. అలవాటు లేని కండను వాడితే మర్నాడు వచ్చే నొప్పికి కారణం లోపలి చిరుగులేనని 1902లోనే థియోడర్ హఫ్ రాశాడు.

నొప్పి తగ్గాక మళ్ళీ దిగండి, అంది అక్క. ఒకసారి దెబ్బతిని మానిన కండ అదే పనికి కొన్ని వారాలపాటు అంత తేలిగ్గా లొంగదట. బజార్లో మాలిష్ చేయించుకుంటే ఆ కాసేపు హాయిగా ఉంది, మర్నాటికి తేడా ఏమీ లేదు. ఆ డబ్బుకు నాలుగు కాఫీలు వచ్చేవి.

మూడు వారాలకు మహేంద్రగిరి పెట్టుకున్నాం, 1501 మీటర్లు. పర్లాకిమిడిలో లాడ్జివాడిని అడిగిన మొదటి ప్రశ్న "కింది గది ఉందా?", రెండోది "వెస్ట్రన్ టాయిలెట్టా?" అద్దె సంగతి ఆ తర్వాతే. పరుపు గట్టిగా, దోమలు దండిగా ఉన్నాయి. అయినా నేనైతే ఆ గదికే ఎక్కువ మార్కులు వేస్తాను. కొండ మీద కుంతి గుడి, ధర్మరాజు గుడి చూశాం. భీముడి గుడి చిన్నదే గానీ ఆ రాళ్ళ సైజు చూస్తే ఎవరు పేర్చారన్న అనుమానం రాదు. శివరాత్రికి జనం కిక్కిరిసిపోతారు, పరుగుకైతే ఆ రోజులు తప్పించాలి.

ఈసారి బావ సూత్రం వేరు. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా తిరిగే లారీ డ్రైవర్లు చెప్పే మాటే: ఎక్కిన గేరులోనే దిగాలి. అంటే చిన్న చిన్న అడుగులు, గబగబా, పాదం ఒంటికి మరీ ముందు పడకుండా. నిటారు చోట్ల నడిచాం. దేవమాలి రోడ్డు నున్నటి తారు కాబట్టి కాళ్ళు ఆగవు. ఇక్కడ రాళ్ళూ గుంతలూ మనల్ని ఆపుతాయి, మొదటిసారి దిగేవాళ్ళకు అదే నయం.

మర్నాడు తొడలు కాస్త బిగుసుకున్నాయి, అంతే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కులాసాగా నడిచి, రాజుగారి కోట చూసి, పిల్లలకు కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ కొన్నాం. నా ఎడమ బొటనవేలి గోరు మాత్రం నల్లబడింది. దిగేముందు లేసు బిగించడం మర్చిపోయాను. అది ఊడి కొత్తది వచ్చేదాకా చెప్పులే గతి.